నాలుగో దిమ్మ

కూరగాయల బండివాడు నన్ను చూడగానే తూకం రాళ్లను తనే తిరగేసి అడుగు భాగం చూపించేవాడు. అడుగున తొలిచి బరువు తగ్గించిన రాయి ఒకసారి నా చేతికి దొరికింది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా అదొక మర్యాద అయిపోయింది. పాలలో నీళ్లు, బట్ట కొలతలో వేలెడు తేడా, పక్కింటావిడ నవ్వులో వంకర, ఏదీ నా కన్ను దాటిపోయేది కాదు. మా ఆయన నాకు సీఐడీ అని పేరు పెట్టారు. అంతటి సీఐడీని, ఆ ఎండాకాలం మాత్రం చూడాల్సిన చోట తప్ప అన్ని చోట్లా చూశాను.

మా ఆయన ఒక చిన్న స్టేషనుకు మాస్టరు. అక్కడ రోజుకు ఆగే బండ్లు నాలుగు, ఆగకుండా పోయేవి ఇరవై. నా తమ్ముడు అదే స్టేషనులో పాయింట్స్‌మన్. బండి ఏ లైనులోకి పోవాలో పట్టాలు మార్చడం, పెట్టెలు కలపడం, విప్పడం, నిలబెట్టిన పెట్టెలు కదలకుండా కట్టుదిట్టం చేయడం వాడి పని. మాతోనే ఉండేవాడు. నేను ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు బట్టలు కుట్టేదాన్ని. తలుపు గడియ ఊడినా, కుళాయి కారినా, నేల పల్లంగా ఉండి మిషను ఊగుతోందని నేను గోల పెట్టినా, అన్నిటికీ తమ్ముడే దిక్కు. వాడే ఎక్కడి నుంచో ఒక చెక్కముక్క తెచ్చి మిషను కాలి కింద దోపాడు. నా గోల ఆగింది.

ఎండలు ముదిరిన వారంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. స్టేషను పక్క లైనులో నిలబెట్టిన ఐదు ఖాళీ వ్యాగన్లు వాటంతటవే కదిలాయి. ఆ లైను కంటికి కనిపించనంత వాలు. మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, లైను చివర అడ్డుకట్టను విరగ్గొట్టి, రోడ్డు దాటే రైల్వే గేటు పక్కనున్న చిన్న కాపలా గదిని గుద్దాయి. లోపల నడుం వాల్చిన గేటు తాత కాలు రెండు చోట్ల విరిగింది. పింఛనుకు ఆరు నెలలే ఉన్న మనిషి.

పెట్టెల బ్రేకులు అరిగిపోయి ఉన్నాయని మర్నాడే తేలింది. అలాంటివి ఉంటాయనే అసలు నమ్మకమంతా దిమ్మల మీద ఉంటుంది. ఒకవైపు వాలుగా చెక్కిన చెక్క దిమ్మలు నాలుగు చక్రాల కిందికి జొప్పించాలి. ప్రతి దిమ్మ అడుగునా కాల్చి వేసిన అంకె ఉంటుంది. ఒకటి, రెండు, మూడు నలిగిపోయి కంకరలో దొరికాయి. నాలుగోది దొరకలేదు. నాలుగూ పెట్టామని రిజిస్టరులో రాసి ఉంది, కింద మా ఆయన సంతకం ఉంది. విచారణ అయ్యేదాకా పనికి రావద్దని బావకీ బావమరిదికీ ఒకే రోజు కాగితాలు వచ్చాయి. నాలుగో దిమ్మ దొరికితే ఇద్దరూ బయటపడతారు, దొరకకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడినట్టు. ఆ ఎవరో ఒకరు ఎవరన్న ప్రశ్నే మా ఇంట్లో వచ్చి కూర్చుంది.

ఐదు రోజులు పట్టాల పక్కన ముళ్లపొదల్లో వెతికాం. నేనూ ఒక కర్ర పట్టుకుని దిగాను.

"అక్కా, ఎండ మండిపోతోంది. నువ్వు ఇంటికి పో."

"నీ ఉద్యోగం కోసం వెతుకుతుంటే నన్ను పొమ్మంటావేంట్రా? నాలుగూ పెట్టావు కదా?"

"పెట్టానక్కా."

"మరి దానికేమైనా రెక్కలొచ్చాయా?"

వాడు నీళ్లు నమిలాడు. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికే నా చూపు గేటు గది మీద పడింది. గది బయట తాత వంట చేసుకునే పొయ్యి. పక్కన పుల్లల మోపు.

"ఆ పొయ్యి చూశావా? బాగా ఎండిన చెక్క, చేతికి అందేంత దూరం. తాత దాన్ని పొయ్యిలో పెట్టి ఎప్పుడో అన్నం వండేసి ఉంటాడు."

"ఛ, అలా అనకక్కా," అన్నాడు గానీ గట్టిగా అనలేదు.

మర్నాడు కుళాయి దగ్గర బిందె నిండేలోపు ఆ మాట నలుగురిలో అన్నాను. ఊరికే, అనుమానంగానే అన్నాను. వారం తిరిగేసరికి గేటు తాత ఏళ్ల తరబడి రైల్వే చెక్కను బండ్లకెత్తి అమ్ముకున్నాడని నాకే తిరిగి వచ్చి చెప్పారు.

ఇంట్లో ఖాళీగా కూర్చున్న మగవాణ్ణి చూస్తే నాకు భయం. వెతకడం ఆగాక మా ఆయన మూడు రోజులు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నాలుగో రోజు పెద్ద వీధిలోని గడియారాలాయనతో కలిసి వచ్చారు. ఆయన చంకలో ప్లైవుడ్ పలక ఉంది, ఈయన చేతిలో అట్టపెట్టె ఉంది. గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషికి చిన్న రైళ్ల పిచ్చి. దుకాణం వెనక గదిలో ఆయనకొక లోకమే ఉందని విన్నాను. ఇద్దరూ వెనక గదిలో దూరి తలుపేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ తాళం వేశారు.

"ఏం చేస్తున్నారు?"

"బొమ్మ."

"ఏం బొమ్మ?"

"మన స్టేషను."

ఉద్యోగం పోయే ముందు బొమ్మలాటేమిటని అడగబోయి ఆగాను. తాళం ఎందుకు? నన్ను తొలిచింది ఆ ప్రశ్నే.

తర్వాత వారాల్లో జల్లించిన ఇసుక వచ్చింది, జిగురు వచ్చింది, వేలెడు పట్టాలు వచ్చాయి. టీ ఇచ్చే నెపంతో తలుపు దగ్గర నిలబడితే లోపలి మాటలు వినిపించేవి.

"మాస్టారూ, నాకు ఎప్పట్నుంచో ఒక సందేహం," అంటున్నాడు గడియారాలాయన. "నా బొమ్మ ఇంజను స్విచ్చి వేయగానే లాక్కుపోతుంది. అసలు గూడ్సు ఇంజను మాత్రం కదిలే ముందు ఒకసారి వెనక్కి నెడుతుందేం?"

"యాభై పెట్టెల్ని ఒక్కసారి లాగలేదు కదండీ. వెనక్కి నెడితే కొక్కేలు వదులవుతాయి. అప్పుడు ఒక్కొక్క పెట్టే కదులుతుంది."

"మరి చివరి పెట్టెకి ఆ గుర్తెందుకు? నేను అందం కోసం అంటిస్తున్నాను."

"బండి మొత్తం వచ్చిందని తెలియడానికి. దార్లో పెట్టెలు తెగిపోయి మిగిలిపోతే? ఆ గుర్తును మాస్టరు తన కళ్లతో చూడాలి. ఇంకెవరో చూశామంటే కుదరదు."

అప్పుడు నా నోరు ఆగలేదు. తలుపు తోశాను. "అన్నీ కళ్లతో చూడాలంటున్నారు. ఆ రోజు దిమ్మల్ని కళ్లతో చూశారా మీరు?"

గడియారాలాయన పట్టకారుతో పట్టుకున్న చిన్న చక్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. మా ఆయన నా చేతిలోని టీ అందుకుని, "చల్లారిపోయింది," అన్నారు. తలుపు మూసుకుంది.

చూడలేదన్నమాట. ఆ క్షణం నుంచి నా బుర్రలో ఒకటే తిరిగింది. ఈయన చూడకుండా సంతకం పెట్టాడు. ఇప్పుడు తప్పు నా తమ్ముడి నెత్తిన వేయడానికి ఆ బొమ్మ కడుతున్నాడు. విచారణలో టేబులు మీద పెట్టి, ఇదిగో ఇలా జరిగిందండీ అని చూపిస్తాడు. పదిహేనేళ్ల కాపురం చేసిన మనిషి గురించి ఇలా అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అప్పుడు సిగ్గు లేదు.

ఒక సాయంత్రం స్టూలు ఎక్కి వెంటిలేటర్లోంచి చూశాను. బల్ల మీద మా స్టేషను. పక్క లైనులో ఐదు చిన్న వ్యాగన్లు. ఆయన వంగి, అగ్గిపుల్ల ముక్కల్ని ఒక్కొక్క చక్రం కింద పెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. నాలుగో చక్రం కింద చిన్న గులకరాయి పెట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత గాలిదుమారానికి బదులు టేబులు ఫ్యాను పెట్టారు. వ్యాగన్లు కదల్లేదు.

"మాస్టారూ, అది అలా తేలదు," అన్నాడు గడియారాలాయన. "చిన్న బండి పెద్ద బండిలా దొర్లదు. ఎనభై ఏడో వంతుకి కుదించాం గానీ, బరువూ గాలీ మన మాట విని కుదించుకోవు."

"తెలుసండీ."

"తెలిసి మరి?"

"చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి."

నేను స్టూలు దిగాను. రాయి సంగతి ఈయనకెలా తెలుసు? తమ్ముడు రాయి పెట్టాడని ఎవరూ అనలేదే. అంటే కథ అల్లుతున్నాడు. ఆ పూట ఆయనకు అన్నం వడ్డించి గిన్నె ఠక్కున పెట్టాను. ఆయన నా వైపు ఒక చూపు చూశారు. అది నేను బజార్లో రాళ్లను చూసే చూపులాంటిది. ఎందుకు చూశారో నాకు అర్థం కాలేదు.

మర్నాడు మిషను తొక్కుతుంటే మళ్లీ ఊగింది. వంగి చూస్తే కాలి కింద చెక్కముక్క లేదు, నాలుగు మడతలు పెట్టిన అట్ట నలిగిపోయి ఉంది. నేను చూస్తుండగానే తమ్ముడు లోపలికి వచ్చాడు.

"అక్కా, నువ్వోసారి లే. మిషను కింద..." అంటూనే వంగాడు. అట్టను చూశాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం చూద్దామని వచ్చావు?"

"ఏం లేదు. ఊగుతోందేమోనని."

"ఇప్పుడే ఊగడం మొదలెట్టింది. నీకెలా తెలిసింది?"

వాడు పని ఉందని వెళ్లిపోయాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడనుకున్నాను. నా తమ్ముణ్ణి గురించి అలా అనుకోవడం అదే మొదటిసారి.

మా ఆయన స్నానానికి వెళ్లగానే చొక్కా జేబులోంచి తాళంచెవి తీశాను.

బొమ్మ అద్భుతంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. సిగ్నళ్లు, ఇసుకతో చేసిన కంకర, గేటు గది, దాని బయట శనగగింజంత పొయ్యి. పట్టాలకవతల మా ఇల్లు. ముందు గది కిటికీలో పెన్సిలు ములుకుతో చేసిన కుట్టుమిషను, దాని ముందు కూర్చున్న ఒక మనిషి. ఆ మనిషి నేనే. ఒక్క క్షణం నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

తర్వాత నేల వైపు చూశాను. బల్ల కాళ్లలో ఒకదాని కింద నా చెక్కముక్క ఉంది. బల్ల ఎత్తి దాన్ని లాగాను. రంగు పోయేలా చిత్రిక పట్టిన చెక్క, ఒకవైపు వాలుగా ఉంది. తిరగేశాను. అడుగున కాల్చి వేసిన నాలుగు అంకె ఉంది.

నేల మీద కూర్చుండిపోయాను. ఐదు రోజులు నేను పొదల్లో కర్రతో పొడిచి పొడిచి వెతికింది ఇదే. ఇంటికొచ్చి, కాళ్లు నొప్పులంటూనే, దీని మీద నిలబడ్డ మిషనునే తొక్కాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. తల తడిగా ఉంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"బల్ల ఊగుతుంటే ఏదైనా ముక్క దొరుకుతుందేమోనని మిషను కింద చూశాను. పదిరోజులైంది."

"పది రోజులా? నాతో ఒక్క ముక్క అనలేకపోయారా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నారు. "నీకు తెలుసనుకున్నాను."

"ఏమిటీ?"

"నువ్వు అన్నీ తిరగేసి చూసే మనిషివి. రోజంతా కాలు పెట్టుకునే చోట ఏముందో చూడకుండా ఉంటావా? అక్కా తమ్ముడూ కలిసి దాస్తున్నారనుకున్నాను. కుళాయి దగ్గర తాత మీద నువ్వన్న మాట కూడా అందుకే అన్నావనుకున్నాను."

మామూలుగా అయితే నా ఒళ్లు మండాలి. మండలేదు. పదిరోజులుగా ఈయన నేను వడ్డించింది తింటూ నన్ను అనుమానిస్తున్నారు. నేను వడ్డిస్తూ ఈయన్ని అనుమానిస్తున్నాను. మా ఇద్దరి మధ్యా అన్నం చల్లారిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన పక్కన కూర్చున్నారు గానీ ఊరుకోమని అనలేదు.

మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వచ్చాడు. కంచం పెట్టాల్సిన చోట దిమ్మ పెట్టాను. వాడు నిలబడే ఏడ్చాడు.

"నీ మిషను గోల పడలేక తెచ్చానక్కా. నాలుగూ కావలసి వచ్చేది ఎప్పుడో ఒకసారి. అప్పుడు తీసుకెళ్లి పెడదామనుకున్నా. ఆ రోజు ఇంటి దాకా వచ్చాను కూడా."

"వచ్చి?"

"నువ్వు మిషను మీద ఉన్నావు. లేవమంటే ఎందుకంటావు. స్టేషను చెక్క అంటే ఇక వదలవు. నీకు జవాబు చెప్పడమంటే భయమేసింది. వెనక్కి పోయి అక్కడున్న రాయి ఒకటి పెట్టాను. బావతో నాలుగూ పెట్టానని చెప్పాను."

"నేను లేచి వంద అడుగులు వేయాల్సింది," అన్నారు మా ఆయన. "బావమరిదే కదా అని కుర్చీలోంచే సంతకం పెట్టాను. నలిగిన రాతిపిండి పట్టా మీద కనిపించింది నాకు. దాన్నీ ఎవరికీ చెప్పలేదు."

ముందుగా ఆ మాట అన్నది నేనే. "దీన్ని తీసుకెళ్లి పొదల్లో పడేస్తే?"

"దొరుకుతుంది. ఎవరో చక్రం కింది నుంచి లాగేశారని రాస్తారు," అన్నారు మా ఆయన. లేచి వెళ్లి విచారణకు పిలిచిన వాళ్ల జాబితా తెచ్చారు. గేటు తాత పేరు పక్కన, వంటచెరకు గురించి ప్రశ్నించవలెను అని టైపు చేసి ఉంది. "ఆ ఎవరో ఎవరవుతారో చూడు."

ఆయన నా వైపు చూడకుండానే అన్నారు. చూడక్కర్లేదు.

తమ్ముడి ముందు దిమ్మను జరిపాను. "విచారణకి దీన్ని నువ్వు తీసుకొస్తావా, నేను తీసుకెళ్లనా?"

వాడు అన్నం తినకుండా వెళ్లిపోయాడు. మూడు రోజులు ఇంటికి రాలేదు.

విచారణ స్టేషను ఆఫీసులోనే. బయట బెంచీ మీద గేటు తాత కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కన రెండు ఊతకర్రలు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"అమ్మాయ్, రైల్వే పుల్ల ఒక్కటి ముట్టలేదు నేను. ముప్పై నాలుగేళ్లు చేశాను. ఎవరన్నారో ఆ మాట. నువ్వైనా నమ్ముతావా?"

నా చేతిసంచీలో దిమ్మ ఉంది. లోపలి నుంచి గుమాస్తా వచ్చి తాత పేరు పిలిచాడు. తాత ఊతకర్రలు సర్దుకుంటుండగా నేను లేచి ముందుకి నడిచాను.

"మీరెవరమ్మా?" అన్నాడు లోపల టేబులు వెనక కూర్చున్న అధికారి.

"మాస్టరు గారి భార్యని. పాయింట్స్‌మన్‌కి అక్కని." దిమ్మను ఆయన ముందు తిరగేసి పెట్టాను. "ఇది నా కుట్టుమిషను కింద ఉంది. తాత పొయ్యిలో పెట్టుంటాడని కుళాయి దగ్గర అన్నది కూడా నేనే."

ఆయన అంకెను చూశాడు, నన్ను చూశాడు. "స్టేషను సామానని మీకు తెలియదా?"

"తెలియదండీ. పావుకిలో ఉల్లిపాయలకి తూకం రాళ్లన్నీ తిరగేసి చూస్తాను. దీన్ని తిరగేయలేదు. తమ్ముడు తెచ్చాడు కదా అని."

మా ఆయన గోడ పక్కన నిలబడి తల వంచుకున్నారు. వెనక తలుపు చప్పుడైంది.

"అక్కకి సంబంధం లేదు సార్. తీసింది నేను, రాయి పెట్టింది నేను." తమ్ముడి గొంతు. మూడు రోజుల గడ్డంతో గుమ్మంలో నిలబడ్డాడు. వాడి వెనక, ఊతకర్రల మీద, తాత ఉన్నాడు. నేనన్నదంతా విన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు తాత బెంచీ మీదే ఉన్నాడు. ఈసారి జరిగి చోటివ్వలేదు. అది న్యాయమే.

తమ్ముడి ఉద్యోగం పోయింది. మా ఆయనకు రెండేళ్లు జీతం పెరగకుండా ఆపి, ఇంకా చిన్న స్టేషనుకు వేశారు. తాత పింఛను తాతకు వచ్చింది. బొమ్మ స్టేషనును గడియారాలాయన తన దుకాణం ముందు అద్దాల అరలో పెట్టాడు. నాలుగో చక్రం కింద గులకరాయి ఇంకా అలాగే ఉందట.

తమ్ముడు ఏడు నెలలు మా గడప తొక్కలేదు. వడ్రంగి పని నేర్చుకుంటున్నాడని విన్నాను. కొత్త ఊళ్లో కూడా నేల పల్లమే. మిషను ఊగుతూనే ఉంది. కింద ఏమీ పెట్టలేదు.

ఒక ఆదివారం ఉదయం వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. చేతిలో కొత్తగా చిత్రిక పట్టిన చిన్న చెక్క ఉంది.

"చూసుకో అక్కా," అన్నాడు. నేను అడగకుండానే ఒక్కొక్క వైపూ తిప్పి చూపించాడు.

తమ్ముడే కదా అని నేను కళ్లు తిప్పుకోలేదు. చెక్కను చేతిలోకి తీసుకుని ఆరు వైపులా చూశాను. చూసి, లోపలికి రమ్మన్నాను.